పటం విప్పి చెప్పవలసిన కథ

(భివండీ పద్మనగర్‌లో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మరమగ్గాల మధ్య బతికే మనకు యురేనియం గనులతో పనేమిటని మీరడగవచ్చు. సిరొంచ వైపు నుంచి వచ్చినవారికి సూర్జాగఢ్ ఇనుప గని పేరు కొత్త కాదు; వారడగరు. జార్ఖండ్‌లోని జాదూగూడలో 1967లో యురేనియం తవ్వకం మొదలైంది. శుద్ధిచేసిన పచ్చని పొడి వచ్చేది మన హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికే. మిగిలిన బురద సంతాలు, హో ఆదివాసుల ఊళ్ళ పక్కన చెరువుల్లో నిలిచిపోతుంది.

ఆ ఊళ్ళ మీద శ్రీప్రకాశ్ 1999లో ఒక చిత్రం తీశారు. 1974 నాటి అణుపరీక్ష 'నవ్వే బుద్ధుడు'గా ప్రసిద్ధమైతే, ఆయన తన చిత్రానికి 'జాదూగూడలో బుద్ధుడు ఏడుస్తున్నాడు' అని పేరు పెట్టారు. బిడ్డల జబ్బుల గురించి, చెడిన నీటి గురించి అందులో ఆదివాసులే మాట్లాడారు. ఆ జబ్బులకు గనులు కారణం కాదని యాజమాన్యం చెబుతూ వచ్చింది. తేల్చవలసింది వైద్యపరీక్షలే, సందేహం లేదు. కానీ పరీక్షలు జరపమని అడగడానికైనా ముందు ఆ తల్లుల గోడు ఊరు దాటాలి కదా! చిత్రం చేసిన పని అదే.

ఇక మన నేల. కడప జిల్లా తుమ్మలపల్లె గని వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్ళు చెడి అరటితోటలు దెబ్బతింటున్నాయని వేముల మండలం రైతులు 2018లో మొరపెట్టుకున్నారు. నల్లమలలో చెంచులు, చుట్టుపక్కల ఊళ్ళవారు యురేనియం అన్వేషణకు ఎదురు నిలిచాక, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకం వద్దని తీర్మానించింది. ఈ సంగతులు నాలుగు రోజులు పత్రికల్లో కనబడి మరుగున పడ్డాయి.

మనకు సొంత తెర లేదా? చేర్యాల నకాషీలు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి (సైజింగు చేసే మీకు నేను వేరే చెప్పాలా!) మూరల కొద్దీ పటం గీస్తారు. కూనపులివారు దాన్ని విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం రాదు. పత్రిక చేతికిస్తే పక్కన పెడతారు. పటం ముందు కూర్చోబెడితే మాత్రం కంటితో, చెవితో చదువుకుంటారు.

శ్రావణ పౌర్ణమికి ఒక కొత్త పటం వేయిద్దాం, ఖర్చు మన సంఘాలు పంచుకోవాలి. రాక్షసుడి నుదుట కంపెనీ పేరు రాయమని నేననను. అది చవకబారు పని. వ్యర్థాల చెరువు ఏ రంగులో ఉంటుందో వేముల రైతును అడిగి గీయించాలి. నల్లమల కథ చెంచుల నోటనే వినిపించాలి.