ఉద్యానమునకు కాపరు లెవరు?

(ఒక పట్టణ గ్రంథాలయమున గావించిన ఉపన్యాస పాఠము)



స్వరాజ్యము వచ్చి ఏడు పదుల యేండ్లు దాటినను ‘సర్కారు తోట’ యను మాట మన నోట నింకను పోలేదు. సర్కారుదైనచో మనది కాదని కాబోలు! ఇట్టి స్థితిలో, ఉదయమున వ్యాహ్యాళికి వచ్చు పెద్దలు కొందరు సంఘముగ గూడి, చందాలు వేసికొని, పార్కులలో మొక్కలకు నీరు పోయించుచు చెత్త యెత్తించుచుండుట సంతోషకరమే. అయినను ఆ సంఘముల పని యెందాక యను విచారణ మనలో జరుగవలసి యున్నది.

బెంగుళూరు పౌరులు చేసిన పని వినుడు. అచట రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షనులో పార్కునకై విడిచిన స్థలమును 1976లో ముఖ్యమంత్రి యాజ్ఞపై ఒక ప్రైవేటు ఆసుపత్రి నిర్మాణమున కిచ్చిరి. ఆ పేటవారు న్యాయస్థానమున కెక్కిరి. హైకోర్టు న్యాయమూర్తి యొకరు వారి పిటిషనును త్రోసిపుచ్చిరి. వారు వెనుదీయక అప్పీలు చేసి గెలిచిరి. వ్యవహారము సుప్రీంకోర్టు దాక పోయెను. అట్టి మార్పు చట్టవిరుద్ధమనియు, దానిని ప్రశ్నించు హక్కు ఆ పేట నివాసులకు కలదనియు 1991లో తీర్పు వచ్చెను. ఆసుపత్రి చెడ్డదని యెవరనిరి? పార్కు నేలపై వలదనిరి, అంతే. వారు పట్టు విడువకుండుట చేతనే ఆ నేల పార్కుగా నిలిచినది. మన యూళ్లలోను లేఅవుటు వేయునపుడు నూటికి పదివంతులు ఖాళీస్థలము విడువవలెనను నిబంధన కలదు. మీ పేటలో ఆ పదివంతు లెచ్చట నున్నవో ప్లాను తెప్పించి చూచినవా రెందరు? మొక్క నాటుటకు ముందు చేయవలసిన పని యిది.

ఇక ఖర్చుమాట. న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కు పాడుపడగా 1980లో పౌరులొక సంస్థగా నేర్పడి దానిని బాగుచేసిరి. నేడు దాని పోషణవ్యయములో అధికభాగము ఆ సంస్థ సేకరించుచున్నదే. మెచ్చవలసినదే గాని, చుట్టును కోటీశ్వరులున్న తోటకు చందాలు వచ్చును. కూలివాడలోని తోట కెవరిత్తురు? మన రాజ్యాంగమున 1992 నాటి 74వ సవరణ, పురపాలకసంఘముల కప్పగింపదగిన కార్యములలో ఉద్యానములను, ఆటస్థలములను చేర్చినది. కావున మన శ్రమదానము పురపాలకసంఘపు పనికి తోడు కావలెను గాని బదులు కారాదు. తోటమాలి జీతము మనము చందా వేసి యిచ్చిన నాడు పురపాలకసంఘము తన పద్దులో దానిని కొట్టివేయును.

పనిలోను వివేకము కావలెను. రాలిన యాకును తగులబెట్టక గోతిలో వేసి మ్రగ్గించిన ఎరువగును. వేపచెట్టు మొదట సిమెంటు అరుగు కట్టి దాతల పేర్లు చెక్కించుట సేవ కాదు, వేరునకు నీరు గాలి యందకుండ చేయుట. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఢిల్లీ యధికారులను చెట్ల మొదళ్లచుట్టు మీటరు మేర సిమెంటు తొలగింప నాజ్ఞాపించినది. దాతల పేర్లు గోడమీదనైన వ్రాయించవచ్చును.

నన్ను మిక్కిలి బాధించునది గేటు తాళము. సంరక్షకులమని చేరినవారు కొన్నాళ్లకు యజమానులగుదురు. ఉదయమున తమ నడక ముగియగనే తాళము వేయింతురు. మిట్టమధ్యాహ్నము నీడ కావలసినది రిక్షావానికి, రోడ్డుపని చేయు స్త్రీకి, ఆమె చంకలోని బిడ్డకు. ఆ వేళ వారు గేటు వెలుపల ఎండలో కూర్చుందురు; లోపల చెట్లనీడ ఖాళీగా పడియుండును. బంతి తెచ్చిన పిల్లలను పూలు పాడగునని తరుముదురు. పదుగురి పన్నుతో నిలిచిన తోటను పదిమందికి మూయు నధికారము ఏ సంఘమున కెవరిచ్చిరి?

మన పార్కు గేటు మధ్యాహ్నము సయితము తెరచి యుంచవలెననియు, అందులకు కావలివానిని పురపాలకసంఘమే నియమింపవలెననియు మహజరు వ్రాసి తెచ్చితిని. అది వార్తాపత్రికల బల్లపై నున్నది. పార్కు సంఘ సభ్యులు ముందుగా చేవ్రాలు చేయ ప్రార్థించుచున్నాను.