రాత్రి మేల్కొన్నవారి నిద్ర

నిద్రను గూర్చి ప్రసంగించువారు ముందుగా శ్రోతలను నిద్రపుచ్చకుండ జాగ్రత్తపడవలెనని మా మిత్రులొకరు హెచ్చరించినారు. ఆ హెచ్చరికను మనస్సున ఉంచుకొనియే ఆరంభించుచున్నాము.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజనులో పెద్ద కొడప్‌గల్ కలదు. 2016 లో జిల్లాలు మారినప్పుడు అది మండల కేంద్రమైనది. సంగారెడ్డి నుండి నాందేడు పోవు జాతీయ రహదారి ఆ ప్రాంతము మీదుగా సాగి, మద్నూరు దాటి మహారాష్ట్రలో ప్రవేశించును. సరిహద్దు అనునది పటములో గీత మాత్రమే. చుట్టరికములకు, సంతలకు, కూలిపనులకు ఆ గీత లేదు. కరోనా జాడ్యమునకును లేకపోయినది. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి రోగి బయటపడిన నాళ్ళలో అందరి దృష్టియు సికిందరాబాదు గాంధీ ఆసుపత్రి మీదనే ఉండెను. 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ ఉప్పెన లేచుసరికి జ్వరము పల్లె గడపలకు వచ్చినది. అప్పుడు ప్రభుత్వము ఇంటింటి జ్వర సర్వే జరిపించినది. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు గడప గడపకు పోయి, జ్వరమున్నదా, దగ్గున్నదా అని అడిగి, లక్షణములున్నవారికి మందులు ఇచ్చి వచ్చినారు. అది మే మాసము. ఎండ ఎట్టిదో ఆ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు.

పగలంతయు అట్లు తిరిగిన మనిషికి రాత్రి ఒరిగినంతనే నిద్ర పట్టవలెను గదా! అనేకులకు పట్టలేదు. ఇంటికి రాగానే బయటనే స్నానము, బట్టలు వేడినీళ్ళలో, బిడ్డ చేతులు చాచి వచ్చినను తల్లి వెనుకకు జరుగుట, వేరుగా వసారాలో పడక. గొంతు కొంచెము గరగరలాడినచో ‘వచ్చినదేమో’ అను అనుమానము. తన సంగతి ఎట్లున్నను, ముసలి అత్తగారికి అంటించితినేమో అను భయము అంతకు మించినది. తలగడ దగ్గర సెల్‌ఫోను. ‘అక్కా, మా నాయనకు ఆయాసం వస్తున్నది’ అని ఏ ఇంటినుండి ఎప్పుడు పిలుపు వచ్చునో తెలియదు. మ్రోగని ఫోనుకు కూడ ఉలికిపడి లేచు నిద్రను నిద్ర అనవచ్చునా?

ఇది మన పల్లెల బాధ మాత్రమే కాదు. 2020 ఆరంభమున చైనాలో 34 ఆసుపత్రులలోని 1,257 మంది వైద్య సిబ్బందిని ప్రశ్నించగా, నూటికి 34 మందిలో నిద్రలేమి లక్షణములు కనబడినవి. అయితే ఆ లెక్క ఆసుపత్రులలోనిది. సంచి తగిలించుకొని వీధి వెంట నడచిన ఆశా కార్యకర్త నిద్రను అంత శ్రద్ధగా లెక్కించినవారు అరుదు. నెలజీతము గాక, చేసిన పనిని బట్టి పారితోషికము పుచ్చుకొను ఆమెకు సెలవు అను మాటయే సందేహాస్పదము.

నిద్ర రాకపోవుటకు కారణము భయమొక్కటియే కాదు. మన మెదడు అడుగున, రెండు కంటినరములు కలిసికొను చోటికి పైన, సుమారు 20,000 నాడీకణములు గల చిన్న గడియారమున్నది. వెలుగును బట్టి అది రేయింబవళ్ళను గుర్తించును. శరీర కణములలో ఇట్టి గడియారము నడచు తీరును కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017 లో నోబెల్ బహుమానము లభించినది. రాత్రి డ్యూటీ చేసి, ఉదయపుటెండలో ఇంటికి వచ్చు నర్సుకు ఈ గడియారము ‘లెమ్ము, తెల్లవారినది’ అని చెప్పును. శరీరము పడుకొనుమనును. ఈ తగవులో ఓడిపోవునది నిద్రయే.

ఓడినచో నష్టమేమి? 17 గంటలు ఎడతెగక మేల్కొన్న మనిషి చురుకుదనము, రక్తమున 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యమున్నవాని స్థితికి దిగజారునని 1997 లో ఒక పరిశోధన వెల్లడించినది. మన దేశములో వాహనము నడుపువానికి చట్టము విధించిన హద్దు 30 మిల్లీగ్రాములు. ఆ హద్దు దాటినవాని చేతికి మనము బండి ఇయ్యము. కాని వరుసగా డ్యూటీలు వేసి, అట్టి మనిషి చేతికే సూదిమందు ఇచ్చితిమి.

డ్యూటీ మార్పులు, విశ్రాంతి గది, నడుమ ఇరువది నిమిషముల కునుకు, ఇవి అధికారులు చేయవలసిన ఏర్పాట్లు. వానికి పెద్ద ఖర్చు కూడ లేదు. పని ముగియబోవు గంటలలో టీ మానుట, ఇంటికి వచ్చునప్పుడు నల్ల కళ్ళద్దములు పెట్టుకొనుట, పడకగది చీకటి చేసికొనుట మాత్రము సిబ్బంది చేతిలోనివి. వారమునకు మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర పట్టనిచో వైద్యుని చూడవలెను. నిద్రమాత్రలు తెలిసినవారే తమకు తాము వ్రాసికొనుట మరింత ప్రమాదకరము.

ఇక ఇరుగుపొరుగు. రాత్రి డ్యూటీ చేయు నర్సు ఇంటి తలుపు పగలు పదింటికి మూసియున్నచో తట్టకుడు. కూరగాయల బండివానితో ఆ గుమ్మము దాటిన తరువాత కేకవేయుమని చెప్పుడు. మధ్యాహ్నము మీ రేడియో గొంతు కొంచెము తగ్గించుడు. ఈ మాట రేడియో వారే చెప్పుచున్నారు కావున, ఇందులో మా స్వార్థమేమియు లేదని మీరు నమ్మవచ్చును.