కంపెనీ అడిగిన లెక్క, మన కేంద్రం మీటరు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వచ్చిన మనందరం ఇయ్యాల ఒక ఫారం గురించి మాట్లాడుకుందాం.

పోయిన ఏడు మన కుట్టు కేంద్రానికి పని ఇచ్చిన ఒక కొనుగోలుదారు నాలుగు పేజీల కాగితం పంపిండు. కరెంటు ఎన్ని యూనిట్లు కాలింది, పీలికలు ఎన్ని కిలోలు వచ్చినయి అని అడిగిండు. తెల్లారేసరికి కావాలన్నడు. మనం అందాజుగ రాసి సంతకం పెట్టినం. పీలికల కాడ సున్నా వేసినం. ఆ పీలికలేమో కేంద్రం వెనుక కాలబెట్టినం. అది మన తప్పే, ఒప్పుకోవాలి.

ఎందుకు అడుగుతున్నరంటే, స్టాక్ మార్కెట్‌లో ఉన్న 1000 పెద్ద కంపెనీలు పర్యావరణం మీద నివేదిక ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. కార్బన్ లెక్కకు మూడు భాగాలు. కంపెనీ తానే కాల్చిన డీజిల్, బొగ్గు ఒకటి. కొన్న కరెంటు రెండోది. కొన్న సరుకు ఎక్కడెక్కడ ఎట్ల తయారైంది, అమ్మినంక ఏమైంది అనేది మూడోది. బట్టల వ్యాపారంలో ఈ మూడోదే పెద్దది.

సిరిసిల్ల పాలిస్టర్ చీరనే చూడుండ్రి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో అక్కడి సాంచాలు నడిచినయి. ఆ దారం పుట్టింది పెట్రోలియం నుంచి. అది లారీల వచ్చి, వార్పిన్ అయి, కండెలకు ఎక్కి, సాంచా మీదికి పోతది. ఒక్కో పని ఒక్కో షెడ్డుల, ఒక్కో మీటరు మీద. ఆ మీటర్లు చూడకుంటే కంపెనీ చెప్పే అంకె ఉత్తదే.

లెక్క కష్టం కాదు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనుక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తది. కేంద్రంల నెలకు 200 యూనిట్లు కాలితే 140 కిలోలు. ఆ నెల 700 జతలు కుడితే జతకు 200 గ్రాములు. అదే మీటరు మీద వేరేవాళ్ల పని కూడా చేస్తే గంటల ప్రకారం పంచాలి. లేకుంటే ఒకరి కరెంటు ఇంకొకరి ఖాతాల పడ్తది.

కోరుట్ల అక్కలు ఒక మాట అడిగిండ్రు: "మేం ఇంట్లనే బీడీలు చేస్తం, మా ఇల్లు ఆ ఫారంల ఏ గడిల ఉంటది?" మంచిగ అడిగిండ్రు. తునికాకు అడవి నుంచి వస్తది, తంబాకు చేను నుంచి వస్తది, చాట మన ఒళ్లె ఉంటది. కార్బన్ లెక్కల తంబాకు దుమ్ముకు గడే లేదు. అంకె తక్కువొచ్చిందని సంబురపడ్డా ఆ దుమ్ము మన ఛాతిలకే పోతది. అందుకే ఫారం చివర ఆ మాట వేరేగా రాయాలనుకున్నం.

ఇగ నెల నెలా 1వ తారీఖున మీటరు రీడింగ్ సంఘం పుస్తకంల ఎక్కుతది. పీలికలు తూకం వేసినంకనే బయటికి పోవాలి, కాలబెట్టుడు బంద్. లెక్క రాసే అక్క కూలి కూడా కుట్టు రేటుల కలపాలని తీర్మానం చేసి కొనుగోలుదారుకు పంపినం. ఇంకా జవాబు రాలేదు. వచ్చినంక గ్రామ సంఘం మీటింగుల చదివి వినిపిస్తం.