ఆకురాల్చు అడవి, అడవియెద్దు



తెలుగునాట నల్లమల టేకు వేసవి సమీపించుచుండగా ఆకు రాల్చును. నీటికొరతయే అందులకు కారణము. ఐరోపాఖండమున పోలండు, బెలారస్ దేశముల సరిహద్దున బియవోవియెజా అను ప్రాచీనారణ్యము కలదు. అందు పైన్, స్ప్రూస్ వంటి నిత్యహరిత వృక్షములును కలవుగాని, ఓక్, లిండెన్, హార్న్‌బీమ్ చెట్లు శీతకాలమునకు ముందు ఆకు రాల్చును. అచ్చటను కారణము నీటికొరతయే. నేల గడ్డకట్టగా వేళ్లకు నీరందదు. ఆకులున్నచో చెట్టులోని తేమ ఆవిరియై పోవును. అందుచే చెట్టు ఆకులోని సారమును ముందుగ కొమ్మలలోనికి లాగుకొని, తొడిమకడ దారి మూసి, పిదప ఆకును విడుచును.

రాలిన ఆకు వ్యర్థము కాదు. వానపాములును, బూజులును దానిని ఎరువుగ మార్చును. వసంతమున చెట్లు చిగిర్చి నీడ కమ్ముటకు ముందే, ఆ కొద్దిదినముల ఎండలో నేలపై తెల్లని అనిమోన్ పూలు పూయును. జే అను పక్షి చలికాలపు తిండికై ఓక్ గింజలను నేలలో దాచును. అది మరచినవి మొలకెత్తును. ఎండిన మ్రానులో పురుగులు బ్రతుకును. ఆ పురుగులతో వడ్రంగిపిట్ట బ్రతుకును.

ఇట్లు పోయినదానినెల్ల మరల తెచ్చుకొను ఆ అడవి ఒక్కదానిని మాత్రము తానై తెచ్చుకొనజాలకపోయెను. అది బైసన్ అను అడవియెద్దు. మొదటి ప్రపంచయుద్ధకాలమున సైనికులును, దొంగవేటగాండ్రును మాంసమునకై వానిని చంపిరి. 1919లో ఆ అడవిలోని కడపటి బైసన్ కూలెను. 1927లో కాకసస్ పర్వతములలోనివియు అంతరించెను. జంతుప్రదర్శనశాలలలోను, దొడ్లలోను మిగిలినవి సుమారు 50 మాత్రమే.

ఆ మిగిలినవానిలో కొన్నిటిని 1929లో బియవోవియెజాకు తెచ్చి పెంచసాగిరి. ఏ దూడ ఏ తల్లిదండ్రులకు పుట్టినదో వ్రాసి, 1932లో వంశావళి గ్రంథమును ప్రకటించిరి. 1952లో కొన్నిటిని అడవిలో స్వేచ్ఛగ విడిచిరి. 2019 నాటికి వివిధ దేశములలో స్వేచ్ఛగ తిరుగు బైసన్ల సంఖ్య 6,200 దాటెను.

అయినను అవియన్నియు కేవలము 12 జంతువుల సంతతియే. దగ్గరి రక్తసంబంధమున పుట్టిన మందకు రోగభయ మెక్కువ. అందుచేతనే ఆ వంశావళిని వ్రాయుట నేటికిని ఆగలేదు.

ఆకు రాలిన కొమ్మ వసంతమున తానే చిగిర్చును. రాలిపోవుచున్న జాతి చిగిర్చుటకు మానవుల ఓర్పును, జాగ్రత్తగ వ్రాసి దాచిన యొక పుస్తకమును కావలసివచ్చెను. గ్రంథాలయ రజతోత్సవవేళ తలచుకొనదగిన సంగతి యిది.