వేలిముద్ర మనతోనే ఆగాలె
(వరంగల్ సభలో ప్రసంగ పాఠం)



ఏడో తరగతి పిలగాడు బస్సు మీద 'హన్మకొండ' అని రాసుంటే చదవలేకపోయిండు. మా వాడల మేం కండ్లార చూసినం. తల్లేమో "వానికి చదువు అబ్బదు, కూలికి పంపుత" అన్నది. అబ్బకపోవుడు కాదు తల్లీ! మిరప ఏరే దినాల్ల వాడు బడికి పోలె. పోయిన నాటికి పాఠం ముందుకు వెళ్లిపోయింది.

పెద్దగైనంక నేర్వరా? 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్, జీతాల నుంచి విడిపించిన పిల్లలను శిబిరాల్లో ఉంచి, నెలల తరబడి చదువే పనిగా నేర్పి బడుల్లో చేర్పించింది. 2009 విద్యాహక్కు చట్టంలో 4వ సెక్షన్ బడి మానిన పిల్లలకు ఈడుకు తగిన తరగతి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్నది. పద్నాలుగేండ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఆ హక్కు పోదు. బడిలోనే వెనుకబడ్డ వాళ్లకు అదనంగా చెప్పుడు పంతులు బాధ్యతని 24వ సెక్షన్ చెప్తున్నది. ఇది దయ కాదు, హక్కు.

మేం రోజూ రాత్రి రెండు గంటలు కూసుంటున్నం. మీసాలొచ్చే పోరని ముందు ఒకటో తరగతి వాచకం పెడితే సిగ్గుతో లేచిపోతడు. అందుకే వాని పేరు, ఊరి పేరు, రేషన్ కార్డు, కూలి లెక్కలతో మొదలువెట్టినం. గుణింతాలు, ఒత్తులు వాటిల్నుంచే తీసినం. బిగ్గరగ చదివించాలె. తప్పు పోతే నవ్వొద్దు.

చదువుకున్న ప్రతొక్కరు ఒక్కరిని పట్టుకోండ్రి. బడికి పోయి హక్కు అడగండ్రి.