చేప బొమ్మ కొనే ముందు దాని నోట్లో చూడండి

(తల్లుల సమావేశంలో చేసిన ఆరోగ్య ప్రసంగం)



ఎండాకాలం వచ్చిందంటే పిల్లలను నీళ్ళ తొట్టి దగ్గర నుంచి లాక్కురావడం మనకు పెద్ద పని. మే నెలలో తిరుపతిలో, చిత్తూరులో గంగమ్మ జాతర జరిగే రోజుల్లో వీధి పొడవునా బొమ్మల అంగళ్ళు వెలుస్తాయి. ఆ అంగళ్ళలో పిల్లల కాళ్ళు ఆగిపోయే ఆటవస్తువు ఒకటుంది. ఒక చిన్న గాలం, రంగురంగుల చేపలు, చేప నోట్లో ఒక అయస్కాంతం. గాలం దగ్గరకు తెస్తే చేప టక్కున అతుక్కుంటుంది. ఇంటికి తెచ్చి టబ్బులో నీళ్ళు పోసి చేపలను వదిలితే బిడ్డ గంటసేపు పేచీ పెట్టడు.

ఈ ఆట మంచిదేనా అని మీరు అడిగితే, మంచిదే అని చెబుతాను. కదిలే చేపను చూసి చేతిని అటు తిప్పడం వల్ల బిడ్డకు కన్ను, చెయ్యి కలిసి పనిచేయడం అలవాటవుతుంది. చేప తప్పించుకుంటే మళ్ళీ ప్రయత్నించే ఓపిక వస్తుంది. మీరు పక్కన కూర్చుని "ఇది బొచ్చె, ఇది కొరమీను, ఎన్ని పట్టావు నాయనా?" అని అడిగితే మాటలు, లెక్కలు కూడా వస్తాయి.

అయితే ఈ ఆట విషయంలో చాలామంది భయపడేది ఒకదానికి, భయపడవలసింది మరొకదానికి. "నీళ్ళలో ఆడితే రొంప పడుతుంది" అని అవ్వలు అంటారు. రొంపను తెచ్చేది వైరస్ క్రిములు. ఎండాకాలంలో కాసేపు నీళ్ళలో ఆడి, ఒళ్ళు తుడుచుకున్న బిడ్డకు ఏమీ కాదు. మనం భయపడవలసినవి రెండు. ఒకటి చేప నోట్లో ఉన్న అయస్కాంతం. రెండు, ఆట అయిపోయాక తొట్టిలో మిగిలిపోయిన నీళ్ళు.

అయస్కాంతం మింగితే ఏమవుతుంది?

మూడేళ్ళ లోపు బిడ్డ ప్రతి వస్తువునూ నోటితోనే పరీక్షిస్తాడు. చౌకరకం బొమ్మల్లో అయస్కాంతాన్ని జిగురుతో అంటించి వదిలేస్తారు. నీళ్ళలో నాని, మిద్దె మీద ఎండి ఆ జిగురు పట్టు వదులుతుంది. గింజంత ముక్క ఊడి నీళ్ళలో పడితే మన కంటికి కనిపించదు, బిడ్డ చేతికి మాత్రం దొరుకుతుంది.

ఒక ముక్క మింగితే అది చాలాసార్లు దొడ్డికి వచ్చేస్తుంది. రెండు ముక్కలు మింగినా, ఒక అయస్కాంతంతో పాటు ఏదైనా ఇనుప ముక్క మింగినా ప్రమాదం పెద్దది. ఒకటి పేగులో ఒక మడతలో, రెండోది ఇంకొక మడతలో ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో పేగు గోడ నలిగిపోతుంది. అక్కడికి రక్తం అందక ఆ భాగం చచ్చిపోయి చిల్లు పడుతుంది. అప్పుడు ఆపరేషన్ చేయవలసి వస్తుంది, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

మొదట్లో బిడ్డ హాయిగా ఆడుకుంటూనే ఉంటాడు. తర్వాత కడుపునొప్పి, వాంతులు, జ్వరం వస్తాయి. అజీర్ణమో, దిష్టి తగిలిందో అనుకుని రెండు రోజులు గడిపేస్తాం. అందుచేత చేపల్లో ఒక అయస్కాంతం లెక్క తగ్గినా, మింగాడేమోనన్న అనుమానం కలిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఎక్స్‌రేలో అది కనిపిస్తుంది. మిగిలిన బొమ్మను కూడా వెంట తెచ్చి డాక్టరుకు చూపించండి. అరటిపండు పెడితే దానితో పాటు వచ్చేస్తుందని ఎదురుచూడకండి. వాంతి చేయించకండి.

చేపలు తిరుగుతూ పాట పాడే బొమ్మలు, వెలిగే చేపలు కూడా వస్తున్నాయి. కొన్నింటిలో నాణెంలాంటి బటన్ సెల్ ఉంటుంది. అది గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు. సెల్ మూతకు స్క్రూ లేని బొమ్మను ఇంటికి తేవద్దు. కరెంటు, సెల్ ఉన్న బొమ్మలను నీళ్ళలో వేయవద్దు.

అంగడిలో ఎలా ఎంచుకోవాలి?

ముందు గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. చేతివృత్తులవారు చేసే బొమ్మలకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. డబ్బా మీద గుండ్రని గీతలో బిడ్డ ముఖం, 0-3 అనే అంకెలు, వాటి మీద అడ్డగీత ఉంటే ఆ బొమ్మ మూడేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదని అర్థం. "మా వాడు చురుకైనవాడు, రెండేళ్ళకే ఆడేస్తాడు" అని కొనకండి. ఆ గుర్తు తెలివితేటలను గురించి కాదు, గొంతులో అడ్డుపడే చిన్న ముక్కలను గురించి.

తర్వాత చేపను చేతిలోకి తీసుకోండి. నిమ్మకాయ కంటే చిన్న చేప, చిన్న ముక్క పసిబిడ్డ చేతికి వద్దు. చేప నోట్లో చూడండి. అయస్కాంతం వేలికి తగులుతూ ఉంటే, గోటితో కదిలితే, ఆ బొమ్మను అక్కడే పెట్టేయండి. అయస్కాంతం పూర్తిగా ప్లాస్టిక్ లోపల మూసి ఉండాలి. చేపను నొక్కి చూడండి, తోక లాగి చూడండి, కళ్ళు ఊడతాయేమో చూడండి. గాలం కర్ర మొన మొద్దుగా ఉండాలి. దారం జానెడుకు మించకూడదు, పొడవు దారం మెడకు చుట్టుకుంటుంది. బొడ్డు దగ్గర రంధ్రం ఉన్న బోలు చేపలో నీరు నిలిచి లోపల నల్లగా బూజు పడుతుంది. రంధ్రం లేని చేప మేలు.

వయసును బట్టి చెప్పాలంటే, రెండేళ్ళ లోపు బిడ్డకు గాలమే అక్కర్లేదు. పెద్ద ప్లాస్టిక్ చేపలు, తేలే గిన్నెలు, వాటిని తోడడానికి మీ వంటింట్లోని చిల్లుల గంటె చాలు. రెండు దాటిన బిడ్డకు చిన్న వల గాని, పెద్ద కొక్కెం, చేప వీపుపై లావుపాటి రింగు ఉన్న ఆట గాని ఇవ్వండి. మూడేళ్ళు దాటాకే, అదీ గట్టిగా మూసి ఉన్న అయస్కాంతం ఆట. ఇంట్లో చంటిబిడ్డ కూడా ఉంటే, పెద్దవాడి బొమ్మ చిన్నవాడికి దొరుకుతుందని గుర్తుంచుకోండి. ఆటకు ముందు, తర్వాత చేపలను లెక్కపెట్టండి. పగిలినది పారేయండి.

నీళ్ళ విషయం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు 5 ఏళ్ళ లోపు పిల్లలే. అందుకు చెరువో బావో అక్కర్లేదు. పసిబిడ్డకు తల బరువెక్కువ. బక్కెట్టులోకి వంగి తలకిందులుగా పడితే తిరిగి లేవలేడు. ముక్కు, నోరు మునిగేటన్ని నీళ్ళుంటే చాలు. సినిమాల్లోలాగా అరవడు, చేతులు ఊపడు. చప్పుడు కాకుండా మునిగిపోతాడు.

కాబట్టి టబ్బులో బెత్తెడు నీళ్ళు మించి పోయకండి. బిడ్డకు చేయి అందేంత దూరంలో పెద్దవాళ్ళు కూర్చోండి. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని, ఫోను మోగిందని, వాకిట్లో ఎవరో పిలిచారని లేవవలసి వస్తే, బిడ్డను చంకనేసుకునే లేవండి. "అక్క చూసుకుంటుందిలే" అని ఆరేళ్ళ పిల్లకు అప్పగించకండి.

ఆట ముగిసిన వెంటనే టబ్బు బోర్లించండి. నీళ్ళు దొరకని ఊళ్ళలో పారబోయడానికి మనసు ఒప్పదు. ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకు, పూలమొక్కలకు పోయండి. చేపలను బక్కెట్టులో, డ్రమ్ములో తేలుతూ వదిలేయకండి. పొద్దున ఆడిన చేప సాయంత్రం బక్కెట్టులో తేలుతూ కనిపిస్తే బిడ్డ దాన్ని పట్టుకోవడానికి వంగుతాడు. సంపు మూత ఎప్పుడూ వేసే ఉండాలి. ఇంకో మేలు కూడా ఉంది. నిలిచిన నీళ్ళలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో అవి దోమలై లేస్తాయి. టబ్బు బోర్లిస్తే ఆ బెడద కూడా తప్పుతుంది.

ఆడుకునే నీళ్ళు పిల్లలు తాగేస్తారు. అందుచేత శుభ్రమైన నీళ్ళే పోయండి. విరేచనాలతో ఉన్న బిడ్డను ఇతర పిల్లలతో ఒకే తొట్టిలో దించకండి. బొమ్మలను కడిగి నీడలో ఆరబెట్టండి.

ఆపద వస్తే

గొంతులో ముక్క అడ్డుపడిన బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక నీలంగా మారుతుంటే బోర్లా వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు తట్టండి. రాకపోతే, ఏడాది లోపు బిడ్డకు రొమ్ము ఎముకపై రెండు వేళ్ళతో 5 సార్లు, ఏడాది దాటిన బిడ్డకు వెనుక నుంచి పట్టుకుని బొడ్డు పైన 5 సార్లు లోపలికీ పైకీ నొక్కండి. ముక్క వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేయండి. కనిపించని ముక్క కోసం నోట్లో వేళ్ళు పెట్టి వెతకకండి. ఒకరు ఇది చేస్తుంటే మరొకరు 108కి ఫోన్ చేయాలి. నీట మునిగిన బిడ్డను కాళ్ళు పట్టి వేలాడదీయకండి, కడుపు నొక్కకండి. శ్వాస లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. ఈ రెండు పనులూ చేతితో నేర్చుకోవలసినవి. టీకాలకు బిడ్డను తెచ్చినప్పుడు నర్సమ్మను అడిగి, చూసి నేర్చుకోండి.

తల్లులారా, బిడ్డకు ఆట వద్దని నేను చెప్పడం లేదు. ఆడించండి, మీరూ కలిసి ఆడండి. కొనేటప్పుడు చేప నోట్లో చూడండి. ఆడేటప్పుడు బిడ్డను చూడండి. ఆట అయ్యాక టబ్బు బోర్లించండి. ఈ మూడు మాటలు మీ వీధిలో ఇంకొక తల్లికి చెప్పండి.