అత్తహియ్యాతులోని సలాం

 



తొలినాళ్లలో సహాబాలు నమాజులో కూర్చున్నప్పుడు అల్లాహ్‌కు సలాం, జిబ్రయీల్‌కు సలాం, మీకాయీల్‌కు సలాం, ఫలానా వారికి సలాం అని పలికేవారు. అల్లాహ్ స్వయంగా ‘అస్సలాం’ అని తెలిపి, దైవప్రవక్త (స) వారికి అత్తహియ్యాతు నేర్పారు. అందులో ప్రవక్తపై సలాం పలికిన పిమ్మట మనపైనా, అల్లాహ్ దాసులలోని సజ్జనులందరిపైనా శాంతిని వేడుకుంటాము. ఈ ఒక్క మాట భూమ్యాకాశాలలోని ప్రతి సజ్జనునికీ చేరుతుందని ఆయన సెలవిచ్చినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

గమనించండి! ఇందులో పేర్లు లేవు. కనుక ఎవరినీ మినహాయించే వీలూ లేదు. ఆస్తి పంపకంలో మాట పట్టింపు వచ్చి, ఏళ్ల తరబడి మనం పలకరించని అన్న ఇదే సఫ్‌లో కూర్చుని ఉండవచ్చు. అతను సజ్జనుడు కాడని తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. అతని కోసం శాంతిని వేడుకొని, దరూద్ చదివి, కుడి ఎడమలకు సలాం చెప్పి లేస్తాము. చెప్పులు వేసుకునే చోట మాత్రం ముఖం తిప్పుకుంటాము!

ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానడం ధర్మసమ్మతం కాదనీ, ఇద్దరిలో ముందుగా సలాం చేసేవాడే ఉత్తముడనీ ప్రవక్త (స) బోధించారు.

కనుక ఈరోజు నమాజు ముగిశాక గుమ్మం వద్ద అతని కోసం ఆగండి. ముందుగా మీరే సలాం చెప్పండి. ఆస్తి లెక్కలు తర్వాత తేల్చుకోవచ్చు.

మన నాలుకలపై ఉన్న సలాంను అల్లాహ్ మన హృదయాలలోకి దించుగాక! ఆమీన్.